కబ్ద్‌లో రెండు కుర్చీలు



కబ్ద్ అనే పేరు మన సాహిత్య సభల్లో వినబడదు. రాయచోటి, రాజంపేట, బద్వేలు, పీలేరు వైపు ఇళ్ళలో మాత్రం బాగా వినబడుతుంది. "మావాడు కబ్ద్‌లో జాఖూర్ కాడ ఉండాడు" అంటారు. "మా అక్కను వాళ్ళ మామా వారం వారం కబ్ద్‌కు పిల్చుకపోతాది" అంటారు. మామా అంటే మన మేనమామ కాదని, అక్కడి ఇంటి యజమానురాలని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉండే అనుమతికి అకామా, పిలిపించిన యజమానికి కఫీల్, పనిమనిషికి ఖాదిమా లాంటి మాటలు ఇప్పుడు కడప జిల్లా మాటల్లో కలిసిపోయాయి.

కువైట్ నగరానికి నైరుతి దిక్కున, జహ్రా గవర్నరేట్‌లో ఉన్న ఎడారి ప్రాంతం కబ్ద్. గొర్రెలు, మేకలు, ఒంటెలు కట్టే కొట్టాలు వరసలు వరసలుగా ఉంటాయి. వాటినే జాఖూర్‌లు అంటారు. గుర్రపుశాలలున్నాయి. ఒంటెల పందేల మైదానం ఉంది. నగరంలో కాపురముండే కువైటీలు సెలవు రోజుల్లో వచ్చి గడిపే విడిది ఇళ్ళున్నాయి. ఎడారి మొక్కల మీద పని చేసే పరిశోధనా క్షేత్రం కూడా ఒకటి ఉంది. వానలు కాస్త పడిన ఏడాది, చలికాలం పోయాక అర్ఫజ్ పొదలు పసుపుపచ్చగా పూస్తాయి. కువైట్ జాతీయ పుష్పం అదే. నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా గుడారాల కాలం. ఆ నాలుగు నెలలు ఎడారి మనుషుల సందడితో ఉంటుంది. ఆ తరువాత ఎండ. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. భూమ్మీద కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రతల్లో అదొకటి.

అటువంటి చోట కవయిత్రుల పఠనాలు వరసగా జరగాలని నేను కోరుకుంటున్నాను. ఒక్కో సాయంత్రం ఇద్దరు. ఒకరు బయటి నుంచి వచ్చిన అతిథి కవయిత్రి. రెండోవారు అక్కడ ఉంటున్న స్థానిక కవయిత్రి. ఇద్దరికీ పక్కపక్కన ఒకే ఎత్తు కుర్చీలు. ఈ రోజు ప్రసంగం దాని గురించే.

మేకల కొట్టాల మధ్య కవిత్వమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. అరబ్బు కవిత్వం పుట్టిందే ఒంటెల వెంట, గుడారాల మధ్య. ఇస్లాముకు ముందు కాలంలో మక్కా దగ్గర ఉకాజ్ అనే సంత జరిగేది. దూరదూరాల తెగల కవులు అక్కడికి వచ్చి పద్యాలు చదివేవారు. నాబిగా అనే పెద్ద కవికి తోలు గుడారం వేసి, ఆయన చేత తీర్పు చెప్పించేవారట. ఆ సంతలో నిలబడి చదివిన కవయిత్రి ఖన్సా. యుద్ధాల్లో చనిపోయిన ఇద్దరు అన్నదమ్ముల కోసం ఆమె చెప్పిన శోకగీతాలు పద్నాలుగు వందల ఏళ్ళు దాటినా అరబ్బు బడుల్లో పాఠాలుగా ఉన్నాయి. ఏడుపు ఇంట్లో ఏడ్చుకునేదే గానీ సభకు పనికిరాదని ఆమెను ఎవరూ వెనక్కి పంపలేదు. ఆ ఏడుపునే సభ తలవంచి విన్నది.

బెదూయిన్ ఆడవాళ్ళలో కవిత్వం ఈనాటికీ ఉంది. లైలా అబూ లుఘోద్ అనే మానవశాస్త్రవేత్త ఈజిప్టు పడమటి ఎడారిలో అవ్లాద్ అలీ తెగ ఆడవాళ్ళతో కలిసి జీవించి, 1986లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆ ఆడవాళ్ళు పదిమందిలో ఉన్నప్పుడు మొగుడు పోయినా, సవతి వచ్చినా నిబ్బరంగా, ఏమీ పట్టనట్టు మాట్లాడతారు. లోపలి బాధంతా ఘిన్నావా అనే చిన్న పాటలో పెడతారు. పాట మొత్తం కలిపి రెండు పాదాలు ఉంటుందేమో. దగ్గరివాళ్ళ ముందే పాడతారు. మాటల్లో చెబితే పరువు తక్కువ అనుకున్నది పాటలో చెబితే గౌరవమే. మన తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు వినివున్నవారికి ఈ సంగతి కొత్త కాదు. అత్తను ఎదురుగా అనలేని మాట సీతమ్మ నోట, ఊర్మిళ నోట పెట్టి అనిపించిన పాటలు మనకు ఎన్ని లేవు! వెల్చేరు నారాయణరావు గారు తెలుగు ఆడవాళ్ళ రామాయణపు పాటల గురించి రాస్తూ, అది ఆడవాళ్ళు తమకోసం కట్టుకున్న వేరే రామాయణమని చూపించారు.

2010లో అబూ ధాబీలో టెలివిజను కోసం జరిగే పెద్ద కవితల పోటీకి హిస్సా హిలాల్ అనే సౌదీ కవయిత్రి వచ్చింది. పిల్లల తల్లి. మొహమంతా నల్లటి ముసుగు. జనం మీద కఠినమైన ఫత్వాలు జారీ చేసే మతపెద్దలను విమర్శిస్తూ ఆమె చదివిన పద్యం అరబ్బు దేశాలన్నిటా మార్మోగింది. బెదిరింపులు వచ్చాయి. అయినా చివరిదాకా నిలిచి మూడో స్థానం తెచ్చుకుంది. కాబట్టి కబ్ద్‌కు మనం కవిత్వం మోసుకుపోవాల్సిన పని లేదు. అక్కడ ఉన్న కవిత్వం పక్కన మనకొక చోటు అడగాలి, అంతే.

ఇద్దరిని జంటగా కూర్చోబెట్టడం గురించి చెబుతాను. లోకంలో ఇది కొత్త ఆలోచన కాదు. న్యూయార్క్‌లో ఒక స్త్రీవాద పుస్తకాల షాపులో 1999లో రేచెల్ లెవిట్‌స్కీ అనే కవయిత్రి బెల్లడోనా పేరుతో పఠనాలు మొదలుపెట్టింది. తరువాత అది ప్రచురణ సంస్థగా ఎదిగింది. మన హైదరాబాదులో కవి యాకూబ్ గారు నడిపిన కవిసంగమం లామకాన్‌లోనూ, సరోజినీ నాయుడు ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్‌లోనూ నెలనెలా సభలు పెట్టి, పేరున్న కవి పక్కనే నిన్నగాక మొన్న రాయడం మొదలుపెట్టినవారిని కూర్చోబెట్టింది. మూడు తరాలు ఒకే వేదిక మీద. పెద్ద కవి చదువుతుంటే కొత్తవాడు వింటాడు, అది మామూలే. కొత్తవాడు చదువుతుంటే పెద్ద కవి లేచి పోకుండా కూర్చుని వినడం అసలు విశేషం. 2009లో మన రచయిత్రులు మనలో మనం అని మొదలుపెట్టిన కలయికలు, ఆ వెనుక ప్రజాస్వామిక రచయిత్రుల వేదికగా సాగిన పని ఇంకో మెట్టు. కాత్యాయనీ విద్మహే గారి వంటివారు ఊరూరా రచయిత్రులను కలిపారు. ఉత్తరాంధ్ర రచయిత్రి సీమ రచయిత్రి గొంతు నేరుగా విన్నది. దళిత రచయిత్రి, ముస్లిం రచయిత్రి, ఆదివాసీ రచయిత్రి మా బాధ మీ బాధ ఒకటి కాదని మొహం మీదే చెప్పుకునే చోటు దొరికింది. అలా చెప్పుకున్నాకనే స్నేహాలు గట్టిపడ్డాయి.

అయితే మన సభల్లో ఒక చెడ్డ అలవాటు ఉంది. బాధగానే చెబుతున్నాను. దూరం నుంచి వచ్చిన అతిథికి శాలువా, పూలదండ, గంట సమయం. ఊరి కవయిత్రికి చివర్లో రెండు నిమిషాలు. అదీ భోజనాలకు లేచాక. "మన ఊరి అమ్మాయి కూడా రాస్తుందండీ, ఒకటి వినిపిస్తుంది" అని పిలుస్తారు. ఆ "కూడా" అనే పిలుపుతో ఆమె సగం చచ్చిపోతుంది. గొంతు వణికి, గబగబా చదివేసి దిగిపోతుంది. అతిథి అప్పటికి ఫోటోల దగ్గర ఉంటుంది. ఊరి కవయిత్రిగా అటువంటి రెండు నిమిషాలు నేనూ చదివాను. ఆ రోజుల్లో ఎవరైనా నా పక్కన కుర్చీ వేసుకుని, నీది ఇంకోసారి చదువమ్మా అని ఉంటే ఎంత బాగుండేదో నాకు తెలుసు. అందుకే కబ్ద్‌లో పెట్టాలనుకునే సభలో అన్నిటికన్నా ముందు కుర్చీల సంగతి తేల్చుకోవాలంటున్నాను.

ఇంతకీ కబ్ద్‌లో స్థానిక కవయిత్రి ఎవరు?

కువైటీ కవయిత్రి అన్నది మొదటి జవాబు. సుఆద్ అల్ సబాహ్ పేరు అరబ్బు సాహిత్యం తెలిసిన అందరికీ తెలుసు. 1942లో పుట్టారు. రాజకుటుంబం. ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. ఆడదాని ప్రేమ గురించి, కోపం గురించి దాపరికం లేకుండా రాశారు. చనిపోయిన కొడుకు కోసం ఒక సంపుటి మొత్తం రాశారు. అంత పెద్దింటి ఆమె కూడా కడుపుకోత ముందు ఖన్సా పక్కన కూర్చోవాల్సిందే.

రెండో జవాబు కొంచెం కష్టమైనది. సాదియా ముఫర్రిహ్ 1964లో పుట్టారు. పత్రికలో సాహిత్య పేజీలు చూశారు. కువైట్ కవిత్వం గురించి ఎవరు రాసినా ఆమె పేరు రాయక తప్పదు. కానీ ఆమె పుట్టింది బిదూన్ కుటుంబంలో. తరతరాలుగా ఆ నేల మీదే ఉంటున్నా, పౌరసత్వం కాగితం లేనివాళ్ళను బిదూన్ అంటారు. వాళ్ళు లక్షమందికి పైగా ఉంటారని అంచనా. కబ్ద్‌కు ఉత్తరాన ఉన్న సులైబియాలో, జహ్రా పక్కన తైమాలో వాళ్ళ ఇళ్ళు చాలా ఉన్నాయి. 1987లో పుట్టిన మోనా కరీమ్ కూడా బిదూన్ కుటుంబం నుంచే వచ్చి, అమెరికా చేరి, కవయిత్రిగా, అనువాదకురాలిగా పేరు తెచ్చుకుంది. ఒక దేశపు కవిత్వాన్ని మోస్తున్న ఆడవాళ్ళను ఆ దేశపు కాగితాలు తమ మనుషులని ఒప్పుకోకపోతే, స్థానికత అన్నది కాగితంలో ఉందా, కవితలో ఉందా? నా మటుకు నాకు అనుమానం లేదు. ఏ నేల మీద నిలబడి రాసిందో ఆ నేల కవయిత్రే ఆమె.

ఆ మాట ఒప్పుకుంటే మూడో జవాబు దానంతటదే వస్తుంది. సుండుపల్లి నుంచో, చిట్వేలు నుంచో వెళ్ళి, ఇరవై ఏళ్ళుగా అక్కడే వంట చేస్తూ, పిల్లలను సాకుతూ, ముసలివాళ్ళకు స్నానాలు పోస్తూ ఉన్న మన ఆడమనిషి. ఆమె ఆ నేలకు అతిథా, స్థానికురాలా? ఇరవై వేసవులు అక్కడ గడిపింది. ఆ ఇంటి పిల్లలకు అన్నం తినిపించింది. అరబ్బీ ధారాళంగా మాట్లాడుతుంది. ఇమోలో మన ఊళ్ళోని తన పిల్లకు జోల పాడుతుంది. ఫోను ఆపి, పక్కగదిలో పసివాడు ఏడిస్తే వెళ్ళి అరబ్బీలో బుజ్జగిస్తుంది. ఒకే రాత్రి రెండు భాషల్లో ఇద్దరు పిల్లలను నిద్రపుచ్చే మనిషి నోట పాట లేదంటే నేను నమ్మను.

ఆమె పాడేది కవిత్వమేనా అని అడిగేవారికి మన సీమ చరిత్రే చెబుతాను. తెలుగులో తొలి కవయిత్రిగా చెప్పుకునే తాళ్ళపాక తిమ్మక్క రాజంపేట దగ్గరి తాళ్ళపాక ఇంటి కోడలు. అన్నమయ్య భార్య. సుభద్రా కల్యాణం రాసింది పండితుల వృత్తాల్లో కాదు, ఆడవాళ్ళు కూర్చుని పాడుకునే మంజరీ ద్విపదలో. మొల్ల కుమ్మరి ఇంటి బిడ్డ. ఆమె గోపవరం బద్వేలు దగ్గరి గోపవరమేనని కడప జిల్లావాళ్ళం నమ్ముతాం. తనకు శాస్త్రాలు రావని రామాయణం మొదట్లో తానే చెప్పుకుంది. ఐనా సామాన్యులకు అర్థమయ్యేట్టు చెప్పాలన్న పట్టుదల వదలలేదు. తరిగొండ వెంగమాంబది వాయల్పాడు పక్క ఊరు. 1730లో పుట్టింది. చిన్నతనంలోనే భర్త పోయాడు. తల గొరిగించుకోమంటే ఒప్పుకోలేదు. ఊరు సాగనివ్వకపోతే తిరుమలకు వెళ్ళిపోయింది. కొండకు ఆమె వచ్చినప్పుడు పరాయి మనిషి. 1817లో పోయేనాటికి కొండ ఆమెది. ఏకాంతసేవలో ముత్యాల హారతి నేటికీ ఆమె పేరు మీదే జరుగుతుంది. తిరుమలలో మనం పంక్తిలో కూర్చుని తినే అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. వలస వచ్చిన ఆడమనిషి స్థానికురాలు కావడానికి మనకు ఇంతకన్నా నిదర్శనం వద్దు.

తాళ్ళపాక, గోపవరం, తరిగొండ. ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల మండలాల నుంచే ఏటేటా ఆడవాళ్ళు పాసుపోర్టులు చేయించుకుని, మద్రాసుకో హైదరాబాదుకో వెళ్ళి విమానం ఎక్కుతున్నారు. తిమ్మక్కకు, మొల్లకు, వెంగమాంబకు వారసులు కువైట్‌లో వంటిళ్ళలో ఉన్నారని నేనంటే అది గొప్పకు అన్న మాట కాదు. ఊళ్ళ పేర్లు చూసుకోండి.

రాయచోటి నుంచి వెళ్ళేవారిలో ముస్లిం ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళ ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, వీధిలో తెలుగు. ఆ దక్ఖనీలో చక్కీనామాలు అనే పాటలున్నాయి. బీజాపూర్ సూఫీలు ఆడవాళ్ళు తిరగలి విసురుతూ పాడుకోవడానికి కట్టినవి. విసిరే పిండి, తిరిగే రాయి, పైవాడి పేరు, అన్నీ ఒకే పాటలో. షాజహానా గారు తెలుగులో నఖాబ్ అని కవితా సంపుటి తెచ్చిన కవయిత్రి. ఆమె అతిథిగా వచ్చి, పక్క కుర్చీలో రాయచోటి ఆడమనిషి కూర్చుని దక్ఖనీలో పాడితే, వాళ్ళిద్దరి మధ్య జరిగే మాటలు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకవు.

ఇంకొక జంట నా మనసులో చాలాకాలంగా ఉంది. విమల గారి వంటిల్లు కవిత తెలుగు ఆడవాళ్ళకు బాగా తెలుసు. 1990లో వచ్చిన అడవి ఉప్పొంగిన రాత్రి సంపుటి ఆమెది. ఓల్గా గారి సంపాదకత్వంలో 1993లో నీలిమేఘాలు వచ్చింది. ఆ కాలపు కవయిత్రులు వంటింటి గోడలను ప్రశ్నించారు. మా అమ్మలు, మేము, మా కూతుళ్ళు ఇక్కడే ఎందుకు మగ్గాలని నిలదీశారు. అది నిలదీయాల్సిన మాటే. నా తరం ఆడవాళ్ళకు ఆ కవిత్వం నోరిచ్చింది. అయితే కువైట్‌కు వెళ్ళిన మన చెల్లెలు ఆ వంటింటిని వదిలి ఎక్కడికి వెళ్ళింది? ఇంకొకరి వంటింటికి. మొదటి వంటింట్లో జీతం లేదు. రెండో దానిలో జీతం ఉంది. ఆ జీతంతోనే ఊళ్ళో మిద్దె లేచింది, ఆడపిల్ల ఇంజనీరింగ్ చదివింది, మొగుడి అప్పు తీరింది. మొదటి వంటింట్లో తన పిల్లకు తాను వండి పెట్టేది. ఇప్పుడు తన పిల్లకు వాళ్ళ అవ్వ వండి పెడుతోంది. స్త్రీవాద కవిత్వం అడిగిన ప్రశ్నకు ఈ ఆడమనిషి దగ్గర ఒక జవాబుంది. అది అవునూ కాదు, కాదూ కాదు. బహుశా ఆ జవాబు మన కవిత్వంలోకి ఇంకా రాలేదు. విమల గారి పక్కన కూర్చుని ఆమె ఆ జవాబు చెబితే, తెలుగు కవిత్వానికి ముప్ఫై ఏళ్ళుగా దొరకని పద్యం దొరుకుతుంది. ఈ ఒక్క సాయంత్రం కోసమైనా ఈ వరస మొదలుపెట్టాలని నాకు గట్టిగా ఉంది.

ఇక కువైటీ ఆడవాళ్ళ పాటల్లో మనకు అందాల్సింది ఒకటుంది. దాని గురించి కొంచెం నిదానంగా చెబుతాను.

కువైట్‌లో చమురు కనుక్కున్నది 1938లో. ఓడలకెక్కి అమ్మకానికి పోయింది 1946లో. అంతకు ముందు ఆ ఊరి బతుకు ముత్యాల మీద నడిచేది. ఎండాకాలం నాలుగు నెలల పాటు మగవాళ్ళు పడవల మీద సముద్రంలోకి వెళ్ళేవారు. ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి బరువు కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకు దిగి ఆల్చిప్పలు ఏరుకుని వచ్చేవారు. చెవులు పోయేవి, కళ్ళు పోయేవి. కొందరు తిరిగి వచ్చేవారు కాదు. పోయేముందు ఇంటి ఖర్చుకు పడవ పెద్ద దగ్గర ముందే డబ్బు తీసుకునేవారు. ఆయన్ను నాఖుదా అంటారు. ముత్యాలు సరిగా దొరక్కపోతే ఆ బాకీ మరుసటి ఏటికి పెరిగేది. తండ్రి పోతే కొడుకు తలకు చుట్టుకున్న బాకీలూ ఉండేవి. వీసా కోసం మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, రెండేళ్ళు దాన్ని తీర్చడానికే పని చేసినవాళ్ళున్న ఊళ్ళలో ఈ కథ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ నాలుగు నెలలూ ఒడ్డున ఆడవాళ్ళే. పడవలు తిరిగి రావాల్సిన రోజులు దగ్గర పడితే గుంపుగా సముద్రం దగ్గరకు వెళ్ళేవారు. వెళ్ళి వాళ్ళు సముద్రానికి మొక్కలేదు. సముద్రాన్ని మందలించారు. మా మగవాళ్ళను ఎన్నాళ్ళు పెట్టుకుంటావని నిలదీసే పాటలు పాడారు. ఖర్జూరపు మట్టను వెలిగించి, మంటతోనే నీళ్ళలో ముంచి, సముద్రానికి వాత పెట్టేవారు. ఆ పాటలు కువైట్‌లో, బహ్రెయిన్‌లో నేటికీ పండుగల్లో, పాఠశాలల్లో పాడుతున్నారు. ముత్యాల కాలం పోయింది. పాట ఉండిపోయింది.

ఇప్పుడు ఒడ్డు మారింది. ఆనాడు కువైట్ ఆడవాళ్ళు ఒడ్డున నిలబడితే, ఈనాడు మన ఊళ్ళలో మగవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. అప్పుకోసం దూరం పోయి ఊపిరి బిగబట్టినవాడు ఆనాడు మగవాడు. ఈనాడు చాలా ఇళ్ళలో ఆడది. కబ్ద్ విడిదిలో ఓ కువైటీ ముసలమ్మ తన అమ్మ నేర్పిన సముద్రపు పాట పాడిందనుకోండి. పక్కన మన సీమ ఆడమనిషి తన ఎదురుచూపుల పాట పాడిందనుకోండి. ఆ ముసలమ్మకు తన అమ్మమ్మ అప్పుల కథ గుర్తుకు రాదా? తన వంటింట్లో పని చేస్తున్న మనిషి వెనుక ఒక ఒడ్డు ఉందని, ఆ ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారని తెలియదా? తెలిసి ఆమె ఏం చేస్తుందో నేను చెప్పలేను. వినకపోతే మాత్రం ఏమీ చేయదు.

చరిత్రలో కువైటీలకూ మనకూ కలిసిన ఏడాది ఒకటి ఉంది. సాదియా ముఫర్రిహ్ తొలి సంపుటి వచ్చింది 1990లో. ఆ ఏడాదే ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మనవాళ్ళు కట్టుబట్టలతో ఇరాక్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో ఇళ్ళకు వచ్చారు. లక్షమందికి పైగా భారతీయులు అలా వచ్చారు. జీతాలు పోయాయి, సామాన్లు పోయాయి. ఆ యుద్ధం గురించి కువైటీలు రాసిన కవిత్వం చాలా ఉంది. అదే దారుల్లో నడిచి వచ్చిన తెలుగు ఆడవాళ్ళు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు. వాళ్ళ నోట ఉన్నది రాసుకోవడానికి ఎక్కువ కాలం లేదు.

సభ ఎలా జరగాలన్నదాని మీద నాకు కొన్ని పట్టింపులున్నాయి. స్థానిక కవయిత్రి ముందు చదవాలి, అతిథి తరువాత. ఇద్దరికీ సమానమైన సమయం, సమానమైన సంభావన. ఒకరి కవిత ఇంకొకరు తమ భాషలో చెప్పాలి. సభ రోజున హడావుడిగా కాదు, కొన్ని వారాల ముందు నుంచే ఫోనులో మాట్లాడుకుని, మాటమాటా అడిగి తెలుసుకుని చెప్పాలి. జూపాక సుభద్ర గారి లాంటి కవయిత్రి పనిపాటల ఆడవాళ్ళ మాటనే కవిత్వం చేసింది. అటువంటి అతిథికి స్థానిక గొంతును మోయడం తెలుసు. చదువురాని మనిషి అయితే నోటితో చెప్పనివ్వండి. మొల్ల రోజుల్లోనూ వినేవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఎంతమంది?

ఫోటోలు వద్దు. వీడియో వద్దు. ఇంటి పనికి వెళ్ళిన మనిషి మొహం ఫేసుబుక్కులో పడితే, రేపు ఆమె పనికి ముప్పు రావచ్చు. 2024 జూలైలో ఎడారిలో జంతువుల దగ్గర చిక్కుకున్న మన వైపు మనిషి ఒకడు ఏడుస్తూ పంపిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ప్రభుత్వం కదిలింది. అతను ఇల్లు చేరాడు. ఆపదలో వీడియో ప్రాణం కాపాడింది, సంతోషమే. కానీ పాట పాడటానికి మనిషి ఆపదలో ఉండాల్సిన పని లేదు, మొహం చూపించాల్సిన పని అంతకంటే లేదు. కలం పేరు పెట్టుకోవచ్చు. గొంతు రికార్డు చేస్తే చాలు. గొంతుకు ఆకాశవాణి కంటే మంచి చోటు ఏముంటుంది?

రోజు విషయంలో జాగ్రత్త కావాలి. కువైట్‌లో సెలవు శుక్ర, శనివారాలు. సభ అనగానే శుక్రవారం పెడదామంటారు. ఇళ్ళలో పని చేసేవాళ్ళకు వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతుంది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదనీ చెబుతుంది. కానీ కబ్ద్ విడిదులకు యజమానులు చుట్టాలను వేసుకుని వచ్చేది ఆ రెండు రోజుల్లోనే. వంద మందికి మజ్బూస్ వండాలి, టీలు పోయాలి, పిల్లల వెంట తిరగాలి. కబ్ద్‌లో మన ఆడవాళ్ళకు శుక్రవారమే పని ఎక్కువ. ఆ రోజు సభ పెడితే ఎవరి కోసం పెట్టామో వాళ్ళు తప్ప అందరూ వస్తారు. ఆదివారం రాత్రో, సోమవారం రాత్రో పెట్టాలి. గుడారాల కాలంలో అయితే చలి కాబట్టి ఆరుబయట కూర్చోవచ్చు. తీసుకొచ్చి, పది గంటల లోపల మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడానికి మన డ్రైవర్లు ఒప్పుకోవాలి. కువైట్‌లో తెలుగు డ్రైవర్లకు కొదవ లేదు. మామాతో ముందే మాట్లాడి ఒప్పించడానికి అరబ్బీ బాగా వచ్చిన ఒక పెద్దామె కావాలి. కువైటీ కవయిత్రి ఎవరైనా స్వయంగా ఫోన్ చేసి మీ ఇంటి ఆమెను నా పక్కన చదవడానికి పంపమని అడిగితే మరీ మంచిది.

ఏడాదికి నాలుగు సాయంత్రాలు చాలు. మూడు కబ్ద్‌లో, నాలుగోది కడపలో. సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం హాలు ఉంది. ఆ నాలుగోదానికి కువైటీ కవయిత్రి అతిథిగా ఇక్కడికి రావాలి. సెలవు మీద ఊరికి వచ్చిన మన ఆడమనిషి ఆమె పక్క కుర్చీలో కూర్చోవాలి. వినడానికి వాళ్ళ పిల్లలు రావాలి. అమ్మ కువైట్‌లో ఏం చేస్తుందంటే డబ్బు పంపుతుంది అని మాత్రమే తెలిసిన పిల్లలు ముందు వరసలో కూర్చోవాలి.

ఈ ప్రసారం ఫోనులో పెట్టుకుని కువైట్‌లో కూడా వినేవాళ్ళు ఉన్నారు. అక్కా, చెల్లీ, మీకు ఏ వారం వీలవుతుంది, ఏ గంటకు వీలవుతుంది, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడితే పంపుతారు, ఇవి ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి. మీవాళ్ళ చేత ఆకాశవాణి కడప కేంద్రానికి ఒక ఉత్తరం ముక్క రాయించండి. పేరు రాయకపోయినా ఫరవాలేదు. ఏ పాట పాడతారో మాత్రం రాయించండి.